ఫిట్ వచ్చింది

పోయిన వారం మా తమ్ముడి కొడుకు కిరణ్ తిరుపతిలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే సంచిలోంచి ఒక కాగితం తీశాడు. వాడు ఓడల్లో పని చేయడానికి శిక్షణ పూర్తి చేశాడు. ఇక మిగిలింది వైద్యపరీక్ష. సర్కారు గుర్తింపు ఉన్న డాక్టరు చెన్నైలో చూసి సంతకం పెడితేనే ఓడ ఎక్కనిస్తారు, లేకపోతే ఆ చదువంతా గంగపాలే. కాగితం నిండా ప్రశ్నలు. చక్కెర ఉందా, రక్తపోటు ఉందా, రంగులు సరిగ్గా కనిపిస్తాయా. వాడు ఒక ప్రశ్న దగ్గర వేలు పెట్టి నా మొహంలోకి చూశాడు.

“అత్తా, ఇంట్లో ఎవురికన్నా ఫిట్స్ ఉండిందా అని అడిగినారు. తాతకు ఉండిందంట కదా, నాయన సెప్పినాడు. ఏం రాసేది?”

మా అమ్మ పక్కనే చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎనభై దాటినా ఆ పని ఇంకెవరినీ చేయనివ్వదు. ఆమె చేతులు ఆగాయి. నేను తలెత్తకుండానే, “లేదని రాయి. మీ తాతకు ఏ రోగమూ లేదు. ఆ రోగం నేను అంటగట్టింది” అన్నాను. వాడు నవ్వాడు. నవ్వుతాడని తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం వాడిని కూర్చోబెట్టి మొత్తం కథ చెప్పాను. ఇప్పుడు రాస్తున్నదీ అదే, చివర్లో ఉన్నది తప్ప. అది ఆ సాయంత్రం దాకా నాకూ తెలియదు.

మాది కార్వేటినగరం. సముద్రం అన్నది మా ఊళ్ళో నూటికి తొంభై మంది చూడని వస్తువు. అట్లాంటి ఊళ్ళో మా నాయన ఓడలో ఇంజన్ గదిలో పనిచేసేవాడు. మద్రాసులో ఉన్న మేనమామ ఎవరో ఆయన్ని పెళ్ళికి ముందే ఆ పనిలో పెట్టించాడు. మా వైపు సగం మాటలు అరవంలోంచి దిగినవే కాబట్టి ఓడను కప్పలు అనేవాళ్ళు, నాయన్ని కప్పలాయన అనేవాళ్ళు. బడిలో పిల్లలు మాత్రం తెలుగు వాచకంలో ఉన్న కప్పల్నే పట్టుకున్నారు. నేను తరగతి గదిలో అడుగుపెడితే చాలు, వెనక బెంచీలో బెకబెకలు మొదలయ్యేవి. ఏడ్చుకుంటూ ఇంటికి వస్తే అవ్వ, అంటే నాయన తల్లి, “అరిసేటోళ్ళను అరవనీ పాపా, వాళ్ళ నాయనలు ఎవురన్నా పుత్తూరు దాటి పొయ్యినారా?” అనేది. నాకు అప్పటినుంచే మాటలంటే ఒక అనుమానం. ఒక మాట ఒకరి నోట్లోంచి బయల్దేరి ఇంకొకరి చెవిలో దిగేలోపు ఏమవుతుందో చెప్పలేం.

నాయన ఏడెనిమిది నెలలు ఓడ మీద ఉండి, రెండు మూడు నెలలు ఇంట్లో ఉండేవాడు. ఆయన ఇంట్లో ఉంటే వాకిట్లోనే తెలిసేది. ఎన్నిసార్లు ఎర్ర సబ్బుతో తోమినా ఆయన గోళ్ళ సందుల్లో ఇంజను నూనె వాసన పోయేది కాదు. మొదటి నెల పండగలాగానే గడిచేది. రెండో నెల దాటాక ఇంట్లో గాలి మారేది. మళ్ళీ ఓడ ఎక్కాలంటే మద్రాసు రేవు దగ్గర ఓడ సిబ్బంది కోసం సర్కారు పెట్టిన ఆస్పత్రిలో పరీక్షకు నిలబడాలి. అందులో నెగ్గకపోతే పని లేదు. పరీక్షకు ముందు పదిహేను రోజులూ మా ఇంట్లో ఊరగాయ జాడీ మూత తీసేవాళ్ళు కాదు. రాగి సంకటి, కాకరకాయ, ఉప్పు తగ్గించిన పప్పు. నాయన తెల్లవారుజామునే లేచి కొండ దాకా నడిచి వచ్చేవాడు. అవ్వ ఇంకో నియమం పెట్టేది. ఆ పదిహేను రోజులూ ఇంట్లో ఏ రోగం పేరూ ఎత్తకూడదు. జ్వరం అనకూడదు, ఒళ్ళు వెచ్చగా ఉందనాలి. దగ్గొస్తే పెరట్లోకి వెళ్ళి దగ్గాలి. పేరు పలికితే ఆ రోగం పిలిచినట్టు వస్తుందని ఆమె నమ్మకం. అన్నం ముందు కూర్చున్నా ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. నాయన తుమ్మితే నలుగురమూ ఆయన వైపు చూసేవాళ్ళం.

ఆ ఆస్పత్రి నాయనకే కాదు, మా అందరికీ. మాకు ఒక కుటుంబ కార్డు ఉండేది. దళసరి పసుపు అట్ట మీద పైన నాయన పేరు, నంబరు, కింద అమ్మ, నేను, తమ్ముడు శేఖర్, అవ్వ. అవ్వకు వయసు తెలియక గుమాస్తా తోచిన అంకె వేశాడు. నాయన సెలవులో ఉన్నప్పుడు ఒకసారైనా అందరం మద్రాసు వెళ్ళి చూపించుకుని వచ్చేవాళ్ళం. ఎర్ర మందు పోయించుకోవడానికి సీసాలు మేమే తీసుకెళ్ళాలి. అమ్మ వాటిని ముందురోజే బూడిదతో తోమి, వేడినీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించేది. నెల్లూరు వైపు నుంచి వచ్చిన కాంపౌండరు ఒకాయన ఉండేవాడు. తెలుగు మాట వినబడితే చాలు, వరస తప్పించి మమ్మల్ని ముందుకు పిలిచేవాడు.

శేఖర్‌కు పుట్టినప్పటినుంచీ ఎడమ చెవి కారేది. వాడి దిండు ఎప్పుడూ ఒక రకమైన పుల్లటి వాసన వేసేది. ఆ ఆస్పత్రి డాక్టరమ్మ చూసి, ఆరేళ్ళు నిండాక ఆపరేషన్ చేయిస్తాననీ, అప్పటిదాకా ఈ చుక్కలు వేయమనీ చెప్పింది. పెద్ద ఆస్పత్రికి చీటీ రాసిచ్చేది కూడా వాళ్ళే. నాయన పేరు ఓడ పట్టీలో ఉన్నంతవరకే ఈ వైద్యం. నేను అయిదో తరగతిలో ఉన్న ఏడాది వానాకాలం దాటితే వాడికి ఆరేళ్ళు నిండుతాయి. అమ్మ కార్డును మడతపెట్టిన పట్టుచీర మధ్యలో దాచేది, మధ్యమధ్యలో తీసి చూసుకునేది.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. నాయనతో ఒకే ఇంజన్ గదిలో పనిచేసినాయన నగిరి వైపు ఊరివాడు. ఆయన రాలేదు, ఆయన్ని పెట్టిన పెట్టె వచ్చింది. అమ్మ ఆ ఇంటికి పలకరింపుకు వెళ్ళి వచ్చి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు పెరట్లో నాయనతో అంటుంటే విన్నాను. “ఇంక పోవాకయ్యా. ఈడనే ఏదో ఒక పని సూసుకో. ఆ పెట్టె మూత తీసినప్పుడు ఆ యమ్మ అరిసిన అరుపు నా సెవుల్లోనే ఉండాది.” నాయన, “ఇంకో రెండు తడవలు పోనీ. పిల్లోని సెవి బాగు కావల్ల గదా” అన్నాడు.

ప్రతిసారీ నాయన పరీక్ష ముగించుకుని తానే ఇంటికి వచ్చి, వాకిట్లోంచే “పాస్” అని అరిచేవాడు. ఈసారి ఓడ తొందరగా బయల్దేరుతుందని అక్కడే ఉండిపోవలసి వచ్చింది. అందుకని మా ఊరి పోస్టాఫీసుకు ట్రంకాల్ చేశాడు. పోస్టుమాన్ పరుగున వచ్చేసరికి అమ్మ రాగులు పట్టించడానికి మిల్లుకు వెళ్ళింది. అవ్వకు చెవులు సరిగ్గా వినబడవు. నేను పరుగెత్తాను. అంతకుముందు నేను ఫోన్ ముట్టుకున్నది లేదు. పోస్టుమాస్టరు నల్లటి బరువైన రిసీవరు నా చెవికి ఆనించి పట్టుకున్నాడు. అవతల గాలివాన లాంటి హోరు. ఆ హోరులో నాయన గొంతు.

“పాపా, నాయన్ని. ఫిట్ వచ్చిందని మీ అమ్మకు సెప్పు. ఎల్లుండి...” ఆ తర్వాత ఏదో అన్నాడు, నాకు అందలేదు. “నాయనా, నాయనా” అని అరిచాను. లైను పోయింది.

ఆ ఏడాది కొత్తగా వచ్చిన డాక్టర్లు పాస్ అనకుండా కాగితం మీద ఫిట్ అని ముద్ర వేయడం మొదలుపెట్టారట. నాయనకు ఆ మాట కొత్తగా, గొప్పగా తోచింది. నాకు ఆ మాట వేరే విధంగా తెలుసు. మా పక్కింటి ఈశ్వరమ్మ తమ్ముడు వాకిట్లో పడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే, నోట్లోంచి నురగ కారుతుంటే, అందరూ అరిచే మాట అది. ఫిట్స్. పోస్టాఫీసు నుంచి ఇంటికి వచ్చే దారంతా ఆ మాట నా నోట్లో తిరుగుతూనే ఉంది. ఇంటికి వచ్చేసరికి అమ్మ తిరిగొచ్చి గడపలో పిండి గంప దించుకుంటోంది. నేను, “అమ్మా, నాయనకు ఫిట్స్ వచ్చిందంట” అన్నాను. నాయన అనని ఒక్క అక్షరం నేను కలిపాను.

పిండి గంప చేతుల్లోంచి జారి వాకిలంతా ఎర్రగా పరుచుకుంది. “ఎవురు సెప్పింది?” అని అమ్మ నా భుజాలు పట్టుకుని ఊపింది. నాయనే అన్నాను. అవ్వకు రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. విని, “వచ్చి తగ్గినాక మాట్లాడింటాడు. దేవుడు కాపాడినాడు. ఇంగా ఏమే నిలబడి సూస్తాండావు, పో! ఈ బీగాలు ఎత్తుకోని పో, ఇనుము సేతిలో పెడితే నిలుస్తాది” అని ఇంట్లో ఉన్న తాళంచెవుల గుత్తి మొత్తం అమ్మ చేతిలో పెట్టింది. శేఖర్‌ను అవ్వ దగ్గర వదిలి, కార్డు తీసుకుని, పిండి తొక్కుకుంటూనే మేమిద్దరం బయల్దేరాం. నాకు అరవం అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు కాబట్టి నన్ను వెంటపెట్టుకుంది.

పుత్తూరు దాకా బస్సు, అక్కడినుంచి ప్యాసింజరు రైలు. ఆ రైలు ప్రతి స్టేషనులోనూ ఆగింది, స్టేషను లేనిచోటా ఆగింది. అమ్మ దారి పొడుగునా తాళంచెవులు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే వేళ్ళతో తడుముతూ కూర్చుంది. ఎదుటి బెంచీ మీద ఎవరో ముసలాయన వేరుశనక్కాయలు ఒలిచి నాకు ఇచ్చాడు. తినాలని ఉంది, కానీ తింటే నాయనకు ఏమవుతుందోనని గుప్పిట్లోనే పెట్టుకున్నాను. పిల్లల భయానికి లెక్కా పత్రం ఉండదు. తల్లుల భయానికీ ఉండదని తర్వాత తెలిసింది.

ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఫినాయిలు వాసన, దానిమీద రేవు నుంచి వచ్చే చేపల వాసన. వరండా బెంచీల మీద తెల్లచొక్కాల మగవాళ్ళు చేతుల్లో చీటీలు పట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ప్రతి ఒక్కరూ లోపలి తలుపు వైపే చూస్తున్నారు. మా ఇంట్లో ఉండే ఆ పదిహేను రోజుల మౌనం అక్కడ రోజూ ఉంటుందని నాకు అప్పుడు అర్థమైంది. అమ్మ కాంపౌండరును చూసి బావురుమంది. “మా ఆయనకు ఫిట్స్ వచ్చిందంట సార్, యాడుండాడు?” ఆయన కంగారుపడి అమ్మను డాక్టరమ్మ గదిలోకి తీసుకెళ్ళాడు. నన్ను బయటే కూర్చోమన్నారు.

ఆ గదికి పైనా కిందా ఖాళీ వదిలిన సగం రెక్కల తలుపులు. వాటి కిందినుంచి అమ్మ పాదాలు కనిపిస్తున్నాయి. మొదట ఆ పాదాలు ఒకచోట నిలవలేదు. ఒకసారి కాంపౌండరు నవ్వినట్టు వినిపించింది. మా నాయన ప్రాణం మీదికొస్తే నవ్వేమిటని నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత అమ్మ పాదాలు కదలడం మానేశాయి. చాలాసేపు ఆమె గొంతే వినిపించింది, సన్నగా, ఆగకుండా. డాక్టరమ్మ అరవంలో ఏదో అడుగుతోంది, కాంపౌండరు తెలుగులో చెబుతున్నాడు, అమ్మ జవాబిస్తోంది. వాళ్ళ మాటలు నాకు అందలేదు.

వాళ్ళు ఓడ ఆఫీసుకు మనిషిని పంపితే నాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. బెంచీ మీద నన్ను చూసి ఆయన మొహంలో నెత్తురు లేకుండా పోయింది. “పిల్లోనికేమైంది?” అన్నాడు. ఆయన బాగున్నాడు. రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. నేను ఆయన కాళ్ళు చుట్టేసుకుని, “నీకు ఫిట్స్ వచ్చిందంటివి గదా నాయనా” అన్నాను. “ఫిట్ అంటే బాగుండానని పాపా” అన్నాడు, చాలా మెల్లగా. లోపలికి వెళ్ళి, వచ్చేటప్పుడు ఉత్త చేతులతో వచ్చాడు. ముందురోజు ముద్ర వేసిన కాగితం డాక్టరమ్మ వెనక్కి తీసుకుంది. మూడో రోజు ఓడ వేరే మనిషితో వెళ్ళిపోయింది.

ఓడ కోసం రోగం దాచేవాళ్ళను ఆ డాక్టరమ్మ చాలామందిని చూసి ఉంటుంది. నడి సముద్రంలో ఇంజను పక్కన మనిషి పడిపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. భర్త లేదంటాడు, భార్య ఏడుస్తూ ఉందంటుంది. ఎవరి మాట నమ్ముతుంది? ఆమెను తప్పుపట్టలేను. నాయన్ని పెద్ద ఆస్పత్రికి పంపారు, తలకు తీగలు పెట్టి చూశారు, ఏమీ కనిపించలేదు. కనిపించనంత మాత్రాన లేదని రాయలేమన్నారు. ఇంకో ఆరు నెలలు చూద్దామన్నారు, ఆ తర్వాత ఇంకో ఏడాదన్నారు. ఈలోపు ఓడ పట్టీలోంచి పేరు పోయింది, దాంతో పాటు పసుపు కార్డూ పోయింది. శేఖర్ ఆపరేషన్ జరగలేదు. చిత్తూరులో ఎవరికో చూపించాం, పసరు పోయించాం, చివరికి ఆ చెవి పూర్తిగా మూసుకుపోయింది. ఇప్పటికీ వాడితో మాట్లాడాలంటే కుడివైపుకు వెళ్ళి నిలబడాలి. నాయన చిత్తూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర కుదిరాడు. చెరుకు ఉన్నన్నాళ్ళే పని. ఆయన సముద్రం గురించి మళ్ళీ మాట్లాడలేదు.

నేను తెలుగు టీచర్నయ్యాను. డిక్టేషన్‌లో ఒక్క అక్షరం తప్పితే పిల్లల్ని నిలబెట్టేదాన్ని. ఇంత చిన్నదానికా అని తోటి టీచర్లు విసుక్కునేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు? ఒక అక్షరం మా నాయన్ని సముద్రం మీదినుంచి దించింది, మా తమ్ముడి చెవి మింగింది. ఇప్పుడు కిరణ్‌కు అన్నీ ఫోన్‌లోనే. రక్తం రిపోర్టు ఫోన్‌కు వస్తుంది, అర్థం కాకపోతే ఆ ఫోన్‌నే అడుగుతాడు, పొరపాటయితే దిద్దుకోవడానికి దారి ఉంటుంది. మాకు మూడు నిమిషాల హోరు తప్ప ఏమీ లేదు. అయినా ఆ సాయంత్రం చెన్నై బస్సు ఎక్కేటప్పుడు వాడి అరచేతులు తడిగా ఉన్నాయి. ఆ భయం మాత్రం ఏం మారలేదు.

వాడిని పంపించి నేను ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. అమ్మ అదే చాప మీద ఉంది. నేను లైటు వేయబోతుంటే, “ఆ కాంపౌండరు నాకు అప్పుడే సెప్పినాడు పాపా” అంది.

“ఏం సెప్పినాడు?”

“ఫిట్ అంటే బాగుండేదని. నవ్వినాడు గూడా. డాక్టరమ్మ ఫైలు మూసేసింది, ఇంటికి పొమ్మనింది. నేనే పోలా. లేదమ్మా, నా కండ్ల ముందర రెండు తడవలు వచ్చింది, మీకు దాసిపెట్టినాడు అని సెప్పినాను. నురగ వచ్చింది, కాళ్ళు కొట్టుకున్నాడు అని సెప్పినాను. ఈశ్వరమ్మ తమ్మునికి సూసిందంతా మీ నాయనకు తగిలించినాను.”

మొదట నా నోట్లోంచి వచ్చింది తమ్ముడి పేరే. “మరి శేఖర్ చెవి?”

“తెలవదా నాకు? ఆడ నిలబడే అనుకున్నా. సెవి పొయ్యినా పిల్లోడు ఇంట్లో ఉంటాడు. ఆయన పోతే పెట్టె వస్తాది.”

నాకు కోపం వచ్చింది. ఎనభై దాటిన మనిషి మీద, నా చేతి అన్నం తింటున్న మనిషి మీద కోపం. యాభై ఏళ్ళుగా ఆ ఒక్క అక్షరాన్ని నేను మోస్తున్నానని ఈమె రోజూ చూసింది. పెళ్ళయిన కొత్తలో నా భర్తకు ఆ కథ చెప్పి ఏడుస్తుంటే ఈమె పక్కనే ఉండి నాకు మంచినీళ్ళిచ్చింది. “నా తప్పని ఎందుకు ఉండనిచ్చినావమ్మా?” అన్నాను. అరిచాననే చెప్పాలి.

“నువ్వు సిన్నపిల్లవు. నీ వల్ల అంటే ఎవురూ ఏమీ అనరు. నా వల్ల అంటే మీ అవ్వ నన్ను ఇంట్లో ఉండనిచ్చునా?” అంది. చాప మీది చింతగింజలు దగ్గరికి ఊడుస్తూ, “తర్వాత సెప్తామనుకుంటానే ఉండా. నువ్వు పెద్దదానివైపోయినావు. పెద్దదానివైనాక ఇంగా భయమేసింది” అంది.

“నాయనకు తెలుసా?”

“తెలవకుండా ఉంటాదా? డాక్టరమ్మ ఆయనకు అంతా సెప్పింది. రైల్లో నా పక్కనే కూసున్నాడు. ఏమీ అనలా. ఆ పొద్దు అనలా, ఏ పొద్దూ అనలా.” అమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. “పోయేదాకా ఒకటే అడిగేవాడు, పాపకు ఎప్పుడు సెప్తావని.”